గాలి కొలిచే సెన్సారు

చిరంజీవి తమ్ముడు చౌడయ్యకు,

మా అమ్మాయి మల్లీశ్వరి టాక్సీ బతికిందిరా! ఇవాళ ఏసీ వేసుకుని దుర్గమ్మ కొండ ఎక్కాం. ఇన్నాళ్లూ కక్కిన నల్లపొగ జాడే లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ స్టాఫును తిప్పే కాంట్రాక్టు పిల్ల చేతిలోంచి జారిపోకుండా నిలిచింది.

పాడైంది ఇంజను కాదు, అది పీల్చే గాలిని కొలిచే సెన్సారేనట. కొత్తది కొందామని ఆటోనగర్ వెళ్లాం. కొట్టాయన మమ్మల్ని చూడగానే టీ తెప్పించాడు. ఊరికే ఎవడిస్తాడు? నేను ముట్టలేదు. మన చీరలైతే పోగు లాగి కాల్చి, అసలు పట్టో కాదో చూస్తాం, దీనికి ఏం లాగను? ఆయన ఇదే తీసుకోండి అన్నకొద్దీ నాకు అనుమానం పెరిగి, పక్కనున్న ఇంకో పెట్టె పట్టుకున్నాను.

"బాబాయిగారూ, అది టర్బో లేని బండిదండి. టర్బో గాలి ఎక్కువ లాగుద్ది, ఆ సెన్సారు లెక్కకి అందదు" అన్నాడు.

"నాన్నా, మన పాతదాని మీద నంబరు చూడు. ఆయనిచ్చినదాని మీదా అదే ఉంది. ఇంక ఆ టీ తాగు, చల్లారిపోద్ది" అంది మల్లి.

తాగాను, బాగానే ఉంది. అయినా పాత సెన్సారు అక్కడ వదల్లేదు, సంచిలో వేసుకుని తెచ్చాను. తుడిచి మళ్లీ మనకే అమ్మితే?

చౌడేశ్వరి అక్కకు చెప్పు. ఉయ్యూరు వదినకు చెప్పు, పాపం మొక్కుకుంది. అందరికన్నా ముందు దుర్గాశంకర్ బావకు చెప్పు. ఇంజను పోయింది, తుక్కు కింద నేనే తీసుకుంటానన్నాడు కదా! విన్నాక మొహం ఎలా పెట్టాడో చూసి నాకు రాయి.

మీ అన్నయ్య