కాయలు మాగేసే గడ్డిలో సలోమోను రికార్డు

విస్సన్నపేట, మే 1984

మగ్దలేనమ్మకు, మేమంతా కులాసా. ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గానీ, సంగతి ఇంకెవరి నోటనో వింటే నువ్వు మరింత కంగారుపడతావు.

మన సలోమోను మద్రాసులో పాడిన రికార్డు పాడైంది. అది పెళ్లివారికి వినిపించి మన ఆర్కెస్ట్రాను కుదుర్చుకోమందామని తెచ్చాం కదా. ఎండ తగలకూడదని వీడు దాన్ని తోటలో మామిడికాయలు మాగేసిన గదిలో, గడ్డి కింద దాచాడు. నూజివీడు తోటల్లో పెరిగినవాడికి ఆ గడ్డి ఎంత వేడెక్కుతుందో తెలియదా? బుర్రంతా పాటలే. తీసేసరికి అది అప్పడంలా వంకర తిరిగింది. రికార్డుకెక్కితే మనిషి పోయినా గొంతు నిలుస్తుందని మద్రాసువాళ్లన్నారు. ఆ మాటకొస్తే మా నాన్న గొంతు ఏ రికార్డులోనూ లేదు, నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఇక మనల్నెవరు పిలుస్తారని వీడు దిగాలుగా కూర్చుంటే, కాయలు గంపకెత్తుతున్న అచ్చమ్మ, "పాడినోడివి ఇక్కడే ఉన్నావుగా అబ్బాయ్, ఆ ప్లేటుతో పనేంటంట?" అంది.

ఇంట్లో ఉన్న రెండో రికార్డును మైకు సెట్టువాళ్లు అడిగితే ఇవ్వకు. గేదె ఈనిందా? పిల్లలకు ప్రభువు తోడుండాలి.

రాయప్ప

ఇప్పుడే పెళ్లివారు వచ్చారు. సలోమోను లేచి పాడాడు. పెళ్లిపెద్ద విని, బుధవారం పెళ్లిలో పాడడానికి రమ్మన్నాడు.