నలభై ఎనిమిది అంకెల చీటీ

శాన్ హోసే
ఫిబ్రవరి 6, మంగళవారం

కష్టంలోనూ సుఖంలోనూ నా పక్కనే కూర్చున్న ఒదిలియా వదినకు,

నీ ఉత్తరం అందింది. మోకాలు ఎలా ఉందో రాయలేదు. రాయలేదంటే బాగాలేదనే అనుకుంటాను, నా సంగతి నీకు తెలుసు. మీ తులారే దగ్గర పొగమంచులో కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయని టీవీలో చూపించారు. అందులో మీ అబ్బాయి కారు లేదని రెండు ముక్కలు రాసి పడెయ్యి. ఫోన్ చేస్తే నీకు వినపడదు, వినపడ్డట్టు ఊఁ కొడతావు. అందుకే ఈ కాగితాలు.

సిల్వీనో పోయి రేపటికి పన్నెండు వారాలు. చర్చి దగ్గర కనపడ్డవాళ్ళందరూ ఎలా ఉన్నావని అడుగుతారు. బాగానే ఉన్నానంటాను. అబద్ధం కూడా కాదు. లేస్తాను, కాఫీ పెడతాను, ఒక్క కప్పే పెడతాను. నల్లబట్టలు ఉతికి ఆరేస్తాను. ఏడుపు మాత్రం రాదు. పన్ను పీకడానికి మత్తుసూది వేశాక బుగ్గ పట్టుకుంటే ఎవరిదో బుగ్గలా ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. దీనికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అక్కర్లేదో కూడా తెలియడం లేదు.

ఇప్పుడు కొత్త గొడవొకటి వచ్చింది. వెనకగదిలో ఆయన కంప్యూటర్ ఉంది కదా. పోయిన ఆదివారం లియోనర్ వచ్చింది. బాప్తిస్మంలో నువ్వు జ్ఞానతల్లివై ఎత్తుకున్నప్పుడు నీ చెయ్యంత ఉన్న పిల్లకి ఇప్పుడు యాభై రెండేళ్ళు, నమ్ముతావా. మనం పుట్టిపెరిగిన దీవి ఫొటోలన్నీ వాళ్ళ నాన్న అందులోకి ఎక్కించాడు, తను కూడా దాచుకుంటానని స్విచ్ వేసింది. ఎవరూ అడగకుండానే ఆ కంప్యూటర్ ఏదో కొత్తది, అప్‌డేట్ అంటారట, వేసుకోవడం మొదలుపెట్టింది. అరగంట అలా తిరిగింది. ఆఖరికి నీలంరంగు తెర వచ్చి, నలభై ఎనిమిది అంకెలు కొడితేగానీ తెరవనంది. ఆ అంకెలు ఎవరికి తెలుసు? ఆయనకి తెలుసు.

అల్లుడు కర్టిస్ వచ్చి చూశాడు. అతను ఇలాంటివి తయారుచేసే కంపెనీలోనే పని చేస్తాడు, అయినా తల గోక్కున్నాడు. అంకెలు లేకపోతే ఇంక అది ఇటుకరాయేనట. సిల్వీనో ఉంటే అతన్ని ఒక ఆట ఆడించేవాడు. ఎంత ఆడించేవాడో నీకు తెలుసుగా. మనం ఫ్యాక్టరీలో కంప్యూటర్ బోర్డులకి సోల్డరింగ్ చేసే రోజుల్లో ఆయన పరీక్షల గదిలో ఉండేవాడు, పెట్టెల్ని రెండురోజులు వేడిలో మరగబెట్టి, బతికినవాటినే బయటికి పంపేవాడు. అందుకని ఇప్పటివాళ్ళు ఏం చేసినా నచ్చేది కాదు. పచ్చిరొట్టె బల్లమీద పెట్టి, కడుపునొప్పి వస్తే మాకు రాయండి అంటున్నారు మీవాళ్ళు, అని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర కర్టిస్‌ని పొడిచేవాడు. అందరూ అంతే చేస్తున్నారు మామయ్యా అని అతను సూపులోకి చూసేవాడు. మనవాళ్ళ సంఘం హాల్లో కలిసే అమదేవు ఖరీదైన కంపెనీ ఫోన్లు కొని గొప్పలు పోతే, నీదీ చెడిపోతుందిలేరా, కాకపోతే అందంగా చెడిపోతుంది అనేవాడు.

అంకెల చీటీ ఎక్కడైనా చూశావా అమ్మా అని లియోనర్ రెండుసార్లు అడిగింది. చూడలేదన్నాను. సొరుగులన్నీ తీసి వెతికింది. నేను కూడా పక్కన నిలబడి వెతికాను.

మోకాలి సంగతి రాయి. మెట్లు దిగకు.

నీ
దియొలిందా


శాన్ హోసే
మార్చి 12

ఒదిలియా వదినా, నా తల్లీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. చింపి పొయ్యిలో వెయ్యి, చెత్తబుట్టలో వద్దు. మీ కోడలు చదువుతుంది.

చీటీ ఉంది. క్రిస్మస్‌కి ముందే చూశాను. వంటింట్లో పైఅల్మారా తలుపుకి లోపలివైపు టేపుతో అంటించాడు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరసలు, సిల్వీనో ఏడు అంకెకి అడ్డగీత పెడతాడు కదా, ఆ గీతలతో సహా. అది దేని తాళమో లియోనర్ నీలంతెర చూపించిన రోజున తెలిసింది. వాళ్ళు హాల్లో ఉండగా చీటీ పీకి నా జపమాల సంచిలో పెట్టాను. లెంటు ఉపవాసాల రోజుల్లో జపమాల సంచిలో అబద్ధం పెట్టుకుని చర్చికి వెళ్తున్నాను.

ఎందుకు దాచానో చెప్తాను. ఫాదరుకి చెప్పలేదు, లియోనర్‌కి చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎందుకంటే నువ్వు దూరంగా ఉన్నావు.

నా ఫోన్లో అప్పటికి పదిరోజులుగా ఒక ముక్క వస్తోంది. కొత్తది సిద్ధంగా ఉంది, ఇప్పుడా తర్వాతా అని. ఎప్పుడూ తర్వాత అనే నొక్కు, ముందు వేరేవాళ్ళ ఫోన్లు ఎన్ని చస్తాయో చూసి నెలయ్యాక నేనే చేస్తాను అని సిల్వీనో నూరుసార్లు చెప్పాడు. ఆయన పోయిన బుధవారం పొద్దున అదే ముక్క ఎర్రరంగులో వచ్చింది. మీ ఫోన్ ప్రమాదంలో ఉంది అని రాసి ఉంది. నేనెలాంటిదాన్నో నీకు తెలుసు, ప్రమాదం అన్న మాట చూస్తే నా చేతులు ఆగవు. ఇప్పుడే అని నొక్కాను. ఆయన్ని అడగలేదు. ఆయన పెరటిమెట్టు మీద కూర్చుని సూప్‌లోకి కేల్ ఆకులు కోస్తున్నాడు. అడిగితే తిడతాడని అడగలేదు.

కాసేపటికి గిన్నె దొర్లిన చప్పుడైంది. వెళ్ళేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తున్నాడు, నోరు ఒకపక్కకి వెళ్ళిపోయింది. పరిగెత్తి ఫోన్ తీశాను. నల్లగా ఉంది. మధ్యలో సన్నటి తెల్లగీత, పురుగులా పాకుతోంది. నొక్కాను, గట్టిగా నొక్కాను, బల్లకేసి కొట్టాను. అది పాకుతూనే ఉంది. తీగఫోను ముందేడాదే తీయించేశాం, దానికి మోసగాళ్ళు తప్ప ఎవరూ చేయడం లేదని. ఆయన చొక్కాజేబులోంచి ఆయన ఫోన్ తీశాను. ఆరంకెలు అడిగింది. ఆయన పుట్టినరోజు కొట్టాను, లియోనర్‌ది కొట్టాను, మా పెళ్ళిరోజు కొట్టాను. ఒక నిమిషం ఆగి ప్రయత్నించండి అంది. ఆగాను వదినా. నిజంగానే నిలబడి ఆ నిమిషం ఆగాను.

తర్వాత పక్కింటి హాన్‌గారి తలుపు కొట్టాను. ఆవిడ పెరట్లో చెట్లకి నీళ్ళు పెడుతోంది, గొట్టం చప్పుడుకి వినపడలేదు. చుట్టూ తిరిగి పక్క గేటులోంచి వెళ్ళాను. ఆవిడ ఫోన్ చేసింది. అంబులెన్సు నాలుగు నిమిషాల్లో వచ్చింది. ఎప్పుడు పడిపోయాడని డాక్టరు అడిగాడు. పడగానే పిలిచాం అన్నాను. గడియారం నేను చూశాను. పద్దెనిమిది నిమిషాలు.

అంత్యక్రియలైన వారానికి కర్టిస్ మాటల్లో మాటగా అన్నాడు, తాళం వేసున్న ఫోన్లోంచి కూడా అత్యవసరానికి పిలవొచ్చు, కిందమూల చిన్న అక్షరాలతో ఉంటుంది అని. అవునా అన్నాను. రొట్టె ఇంకో ముక్క వడ్డించాను.

అతనే ఇంకో మాట కూడా అన్నాడు. ఈ ఇంట్లో ఫోన్లూ కంప్యూటరూ అన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయట, ఎవరు ఏ నిమిషంలో ఏది నొక్కారో అన్నీ ఎక్కడో ఒకచోట రాసుంటాయట. ఆ కంప్యూటర్ పెట్టె తెరిస్తే అందులో ఉంటుంది. తొమ్మిదీ ముప్పైఒకటికి దియొలిందా ఇప్పుడే అని నొక్కింది అని. లియోనర్ చదువుతుంది. నాన్నా నాన్నా అని ఆస్పత్రి గచ్చుమీద కూర్చుని ఏడ్చిన పిల్ల అది. నేనప్పుడు కూడా ఏడవలేదు.

పెట్టెని ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. వచ్చే నెల రెండో శనివారం బండి వస్తుంది. దీవి ఫొటోలు పోతాయి. పోనీ. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

దియొలిందా


శాన్ హోసే
ఏప్రిల్ 16

మొండిదైన నా ఒదిలియా వదినకు,

నీ జవాబు గురువారం అందింది. అంత పెద్ద కాగితం మీద రెండే వాక్యాలు రాస్తావా. ‘చీటీ లియోనర్‌కి ఇయ్యి. లేకపోతే ఈ మోకాలితోనే బస్సెక్కి వచ్చి నేనే ఇస్తాను.’ నువ్వు వస్తావని భయమేసింది. బస్సు మెట్లు ఎంత ఎత్తుంటాయో నాకు తెలుసు.

శనివారం బండి వచ్చింది, వెళ్ళింది. ఆదివారం లియోనర్ ఒక్కతే వచ్చింది. కోటు కూడా విప్పనివ్వకుండా చీటీ చేతిలో పెట్టాను. అది చీటీ వంక చూసింది, నా వంక చూసింది. ఎక్కడిది అని అడగలేదు. అడ్డగీతలున్న ఏడుల్ని వేలితో తడిమింది.

ఒక్కో అంకె నేను చదివాను, అది కొట్టింది. తెరుచుకుంది. ఫొటోలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. అది ఫొటోలు చూస్తోంది, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పారిపోవడానికి వీలుగా అనుకుంటా. తర్వాత అది, అమ్మా ఇదేమిటి, నీ పేరుంది అంది. అయిపోయింది అనుకున్నాను.

అది నేననుకున్నది కాదు వదినా. తెరమీద ఒక అర, ఫోల్డరట. దానిమీద దియొలిందా అని ఉంది. లోపల నాలుగువందల పన్నెండు కాగితాలు, అన్నీ అంకెలు వేసి, తారీఖులు వేసి. సిల్వీనో కంపెనీలకి రాసినవి. ఫోన్ కంపెనీకి, కంప్యూటర్ కంపెనీకి, బ్యాంకు వాళ్ళకి, మందులషాపు వాళ్ళకి. ఆరేళ్ళుగా రాస్తున్నాడు. నేను కాఫీ తీసుకెళ్తే తెర పక్కకి తిప్పేవాడు, ఎవరికో రాస్తున్నాడని నాకు అనుమానంగా కూడా ఉండేది. నా ఇంగ్లీషు సంగతి తెలిసిందే కదా, లియోనర్ చదివి మన మాటల్లో చెప్పింది.

అన్నీ ఒకే పద్ధతి. పరీక్షల గదిలో రాసినట్టే. వాడినవాళ్ళు ఎవరు, ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఎన్నిసార్లు. లియోనర్ చదివినవాటిలో ఒకటి నాకు మాటకి మాట గుర్తుంది. ‘వాడింది నా భార్య. డెబ్బై నాలుగేళ్ళు. మూడో తరగతి దాకా చదివింది. ఇరవై రెండేళ్ళు మీలాంటి కంపెనీలకి బోర్డులు అతికింది, ఆమె చేతిలో చెడిపోయి వెనక్కి వచ్చినవి తొమ్మిదే. అక్షరాలు పెద్దవి చేసుకుంటే మీ అవును బొత్తం తెర కిందకి జారిపోతోంది. ఆమె బొత్తం కోసం ఇరవై నిమిషాలు వెతికి, నాకు బుర్ర లేదు అనుకుని లేచిపోయింది. ఎన్నిసార్లు: ప్రతిసారీ. వాడినవాళ్ళ తప్పు కాదు.’

ఆ ఆఖరిమాట అన్నింటిలోనూ ఉంది. నాలుగువందల పన్నెండింటిలోనూ. దియొలిందా, రా, చర్చికి పూలు దీంట్లో తెప్పించు చూద్దాం, అని పిలిచి నా వెనక కుర్చీలో కూర్చునేవాడు. నేను తడబడితే ఒక్కమాట అనేవాడు కాదు. నాకు నేర్పుతున్నాడనుకునేదాన్ని. దానికి పరీక్ష పెడుతున్నాడు, నాకు కాదు. కంపెనీలనుంచి జవాబులు కూడా దాచాడు. మీ అభిప్రాయం మాకు విలువైనది అని అన్నీ ఒకేలా ఉన్నాయి. మూడింటికి మాత్రం మనుషులు రాశారు. ఒకటి బాగుచేశారట. మందులషాపులో ఆ బొత్తం ఇప్పుడు పైనుంది, నేను గమనించనేలేదు.

లియోనర్ ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. నాకు ఇప్పుడు కూడా ఏమీ అనిపించలేదు, నిమురుతున్న చెయ్యి కూడా నాది కానట్టే ఉంది. కానీ నా నోరు తెరుచుకుంది. ఆ కాగితం ఖాళీది ఒకటి తియ్యి, నేను చెప్తాను రాయి అన్నాను. ఏమిటమ్మా అంది. నాలుగువందల పదమూడు అని వెయ్యి అన్నాను.

వాడింది ఎవరు: దియొలిందా, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఏం చేసింది: నవంబరు పదిహేను, పొద్దున తొమ్మిదీ ముప్పైఒకటికి, ప్రమాదం అని ఎర్రగా రాసి ఉంటే ఇప్పుడే అని నొక్కింది. లియోనర్ వేళ్ళు అక్కడ ఆగాయి. తారీఖు చూసి ఆగాయి. నేను ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేను. ఏం జరగాలి: ఇది పూర్తయ్యేదాకా మీరు ఎవరినీ పిలవలేరు అని బొత్తం పక్కనే రాసుండాలి. తాళం వేసిన ఫోన్లో కూడా పిలవొచ్చన్నది మూలన కాదు, నడిమధ్యన, నాలాంటిదానికి కనపడేటంత రాసుండాలి. ఏం జరిగింది: అని మొదలుపెట్టి అంతా చెప్పాను. గిన్నె, తెల్లగీత, ఆరంకెలు, ఆగిన నిమిషం, హాన్‌గారి గేటు, డాక్టరుకి చెప్పిన అబద్ధం. పద్దెనిమిది నిమిషాలు అని అంకెల్లో వెయ్యమన్నాను.

అది రాసింది. నా వంక తిరగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా ఇంకా ఏదో కొడుతోంది. ఏమిటే అది, నేను చెప్పలేదే అన్నాను.

“నాన్న ఆఖర్న రాసే మాట” అంది.

కోటు ఇంకా ఒంటిమీదే ఉంది దానికి. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఒకటి మిగిలిపోయిందమ్మా, ఎన్నిసార్లు జరిగింది అని నాన్న కాగితం అడుగుతోంది” అంది.

ఒక్కసారే అని వెయ్యి అన్నాను.

నీ
దియొలిందా