బంద్ అయిపోగానే కడతానన్న స్టేషన్

అన్నా,

తెలంగాణ వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో పొద్దుటి నుంచీ డప్పులే. నేను ఇంటర్నెట్ సెంటర్‌లో నీ పేరుతో లాగిన్ అయి కూర్చున్నాను.

బొమ్మ ఇటుకలు, వీడియో గేముల పిచ్చోళ్ల ఫోరంలో నువ్వు ఆ ఇటుకలతో సగం కట్టిన మన రైల్వేస్టేషన్ ఫొటో ఇంకా ఉంది. మూడు నెలలు ఏమీ రాయకపోతే ఆ పేజీ మూసేస్తారు. అందుకే నువ్వు పోయాక కూడా, మిగతాది ఎప్పుడని వాళ్లు అడిగినప్పుడల్లా నువ్వు రాసినట్టే రాశాను: "ఇక్కడ బంద్, ఇటుకల పార్సిల్ రావట్లేదు. బంద్ అయిపోగానే కడతా."

ఇవాళ ఫోరంలో ఒకతను అడిగాడు: "రాష్ట్రం వచ్చిందిగా, ఇక బంద్‌లుండవుగా?"

"ఏందమ్మా, గంట సంది గట్లనే చూస్తున్నవ్? జల్ది రాయి," అంటోంది సెంటర్ అక్క.

ఆ ఫోరంలో నువ్వింకా బతికే ఉన్నావు. నాకో కొత్త సాకు చెప్పు, అన్నా.

నీ చెల్లె