దీవెనమ్మ దవడ

సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
ప్రభుత్వ ఆసుపత్రి, విశాఖపట్నం.

అయ్యా,

విషయం: మూసివేసిన ఫిజియోథెరపీ గదిని తెరిపించి, నా భార్య దీవెనమ్మ దవడ వైద్యమును కొనసాగించుట గురించి.

మల్కాపురం కాపురస్థుడను, పోర్టులో కాంట్రాక్టు వెల్డరును, జోజి అను నేను విన్నవించుకొనునది:

1. మా ఒక్కగానొక్క కుమారుడు జాక్సన్ గత వేసవిలో డ్యూటీ నుంచి బండి మీద వస్తూ ఆనందపురం జంక్షన్ దగ్గర లారీ గుద్ది మరణించినాడు. అప్పటికి మా కోడలు స్టెఫీ నిండు గర్భిణి. ఆమె ఎదుట ఏడిస్తే కడుపులో బిడ్డకు మంచిది కాదని ఎవరో అనగా, నా భార్య పళ్ళు బిగించుకున్నది. కొడుకును పెట్టెలో పెట్టినప్పుడు బిగించినది, మట్టి వేసినప్పుడు బిగించినది. స్టెఫీ వాళ్ళమ్మ "ఏడిసీ వొదినా, గుండాగిపోద్ది" అంటే తల అడ్డంగా ఊపినది. మనవరాలు పుట్టినది. అప్పటికీ ఏడుపు రాలేదు.

2. తదుపరి సదరు దీవెనమ్మకు చెవి ముందున్న కీలు వద్ద నొప్పి, ఆవలిస్తే టక్కుమని చప్పుడు, ఆ పైన నోరు తెరుచుకోకపోవుట సంభవించినవి. అన్నం మెత్తగా పిసికి చెంచాతో పెట్టినాను. పంటి నొప్పి అనుకుని బయట ప్రైవేటు డాక్టరు వద్ద దవడ పన్ను పీకించినాము. పన్ను పోయినది, నొప్పి పోలేదు. మనవరాలిని ముద్దు పెట్టుకోబోయి, దవడ పట్టేసి, బిడ్డను స్టెఫీ చేతికిచ్చి గోడవైపు తిరిగిపోయేది.

3. తమ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు గారు చూసి, ఇది పంటిది కాదు, కీలుదీ కండరాలదీ అని ఫిజియోథెరపిస్టు అనూరాధ గారి వద్దకు పంపినారు. ఆమె వేడి గుడ్డతో కాపడం పెట్టి, గ్లౌజు వేసుకున్న వేలితో బుగ్గ లోపల గట్టిపడిన కండను మెల్లగా ఒత్తేవారు. మెడకు వ్యాయామం నేర్పినారు. "నాలిక పైన అంగిటికి ఆనించి కొంచెం కొంచెం తెరవండమ్మా. నొప్పొస్తే ఆపీయండి. పెదాలు కలిసున్నా పళ్ళు కలవకూడదు," అనేవారు.

ఒకనాడు అలా చేయుచుండగా నోరు తెరుచుకున్నది. "ఓరి నాయనా జాక్సనూ" అని కేక వచ్చినది. అనూరాధ గారు ఆమె తలను తన పొట్టకు ఆనించుకుని, "ఏడిసీయండమ్మా, ఏటీ పర్లేదు" అన్నారు. నేను బయట బల్ల మీద ఉన్నాను. లోపలికి వెళ్ళవలసినది. వెళ్ళలేదు. ఆ రోజు ఇంట్లో దీవెనమ్మ అన్నం నమిలి తిన్నది.

4. కాంట్రాక్టు గడువు తీరినదని అనూరాధ గారిని తప్పించినారు. గదిలో విరిగిన మంచాలు వేసి తాళం పెట్టినారు. అడిగితే నొప్పి మాత్రలు రాసిచ్చినారు. వ్యాయామం నేనే చేయించబోయినాను. వెల్డింగు చేసే చేతులు, మొరటువి. "వొద్దు మావా, నీ సేతులు వొణుకుతన్నాయి," అని పక్కకు తీసేసినది. నోరు మరల మూసుకుపోవుచున్నది.

కావున అనూరాధ గారిని గానీ, ఆ పని తెలిసిన మరెవరినైనా గానీ నియమించి ఆ గది తెరిపించవలసినదిగా ప్రార్థన. అక్కడ ఏడిస్తే నొప్పికి ఏడుస్తున్నదని అందరూ అనుకుంటారు. ఇంట్లో ఆమెకు ఆ వీలు లేదు. ఇంతకన్నా చెప్పుకోవడం చేతగాని నా మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జోజి

తా.క.: సార్, ఇది ఇంట్లో చదివి వినిపించాను. మధ్యలో మనవరాలు లేచి ఏడుపు మొదలుపెట్టింది. స్టెఫీ ఊరుకోబెట్టబోతే దీవెనమ్మ పళ్ళ సందులోంచే, "ఆపకమ్మా, ఏడవనీ" అంది. స్టెఫీ "నా కోసమే గదత్తా, నువ్వు ఏడవలేదు" అని కింద కూలబడి ఏడ్చింది. నాకూ ఆగలేదు. బిడ్డ, స్టెఫీ, నేను, ముగ్గురం ఏడ్చాం సార్. దీవెనమ్మకే నోరు తెరుచుకోలేదు.