ఎండ రాని వారం

సెప్టెంబర్ 19

సాల్మన్ నది కొండలు, ఐడహో రాష్ట్రం. తారురోడ్డు వదిలాక మట్టిరోడ్డు మీద పంతొమ్మిది మైళ్ళు. మేం కాపురముండే ట్రైలర్ ఒరగకుండా చక్రాల కింద చెక్కలు సర్దింది నేను, ట్రక్కు స్టీరింగ్ దగ్గర కూర్చుని అటు, ఇటు అన్నది మా ఆయన ఆరిన్. కుళాయి లేదు, కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఇల్లు అమ్మేసి మూడేళ్ళయింది. అడవిలో ఏ చోటా పద్నాలుగు రోజులకి మించి ఉండనివ్వరు. చెక్కలు సర్దడం ఇది ఎన్నోసారో గుర్తులేదు.

ఆరిన్ కుర్చీ వేసుకుని, నేడీన్, ఇంతకంటే ఏం కావాలి మనకి, అన్నాడు. నాకు వేడినీళ్ళ స్నానం కావాలి. చెప్పలేదు.

సెప్టెంబర్ 20

కింది మలుపులో పాత వ్యాన్ ఉంది. మేవిస్ అని డెబ్భై దాటిన ఆవిడ, ఒంటరిగా ఉంటోంది. వేసవంతా ఊదారంగు అడవి బెర్రీలు కోసి ఫ్రీజర్‌లో దాచుకుంది. దానికోసం రోజంతా జనరేటర్ నడుపుతుంది. ఆరిన్ వెళ్ళి, ఈ మోత వినడానికి కాదు మేము కొండెక్కింది, అన్నాడట. ఆవిడ, అయితే చెవుల్లో దూది పెట్టుకుని ఇంకో కొండెక్కు, అందట.

సెప్టెంబర్ 22

ఎత్తైన ప్రదేశాలు వద్దని డాక్టరమ్మ వసంతంలోనే చెప్పింది. ఆవిడ ఊపిరితిత్తులా నావా, అంటాడు ఆరిన్. ఇప్పుడు ట్రైలర్ మెట్లు మూడు ఎక్కితే కూర్చోవాలి. రాత్రిళ్ళు మాత్రమే వాడే ఆక్సిజన్ మిషన్ ఈ రోజు మధ్యాహ్నం కూడా పెట్టుకున్నాడు. అడిగితే, కునుకు బాగా పడుతుందని, అన్నాడు.

సెప్టెంబర్ 24

వాన మొదలైంది. మిషన్ నడిచే బ్యాటరీకి కరెంటు ఇచ్చేది సోలార్ ప్యానెలే; దాని మీద రాలిన సూదుల్లాంటి ఆకులు తుడిచి వచ్చాను. తుడిచినా ఒకటే. ఎండ లేదు.

సెప్టెంబర్ 25

వాన. బ్యాటరీ యాభై ఎనిమిది శాతం.

సెప్టెంబర్ 26

ముప్పై ఒకటి.

గాలికి రెండు పెద్ద చెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. రెండు మైళ్ళు నడిచి వెళ్ళి చూసి వచ్చాను. ఎవరూ రాలేరు, మేం పోలేం. ట్రక్కు ఇంజిన్‌తో బ్యాటరీ ఎక్కించొచ్చు గానీ, డీజిల్ కిందికి దిగడానికే సరిపోయేంత ఉంది. దీపాలు వేయడం మానేశాను. హీటర్ ఫ్యాన్ ఆపేశాను. మిషన్ ఒక్కటే నడుస్తోంది. ఆరిన్ పెదవుల రంగు చూస్తూ కూర్చున్నాను.

మేవిస్‌ని అడుగుతానన్నాను. వద్దన్నాడు. రేపు ఎండ వస్తుందన్నాడు. నిన్న కూడా అదే అన్నాడు.

సెప్టెంబర్ 27, ఉదయం పది

పన్నెండు శాతం. ఆయనకి చెప్పకుండా వెళ్ళాను.

మేవిస్ తలుపు తీసి, మీ ఆయన దూది కోసం పంపాడా, అంది. వాన కారుతున్న టోపీతో అలాగే నిలబడి, మిషన్ ఆగిపోతోందండీ, అన్నాను. ఏ మిషన్ అంది. చెప్పాను. మరి మూడు రోజుల నుంచీ ఏం చేస్తున్నావమ్మా, అంది. అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది.

సాయంత్రం నాలుగు

జనరేటర్ మా ట్రైలర్ పక్కకి వచ్చింది. ఇద్దరం చెరోపక్కా పట్టుకుని బురదలో ఈడ్చాం. ఆవిడ దగ్గర పెట్రోలు రెండు డబ్బాలే ఉంది. ఫ్రీజర్ సంగతేమిటని అడిగాను. కరిగితే కరుగుతాయిలే, కోసేటప్పుడు నడుం విరిగింది, ఇప్పుడు మనసు విరుగుతుంది, అంతేగా, అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

మోత ఎక్కువైందా అని ఆరిన్‌ని అడిగింది. ఆరిన్ ముక్కుకి గొట్టం పెట్టుకునే, జోలపాటలా ఉంది, అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగాడు. పెళ్ళయిన ఈ నలభై ఒక్క ఏళ్ళలో ఆయన ఏడవడం రెండోసారి చూశాను.

సెప్టెంబర్ 29

వాన ఆగింది. చెట్లు కోద్దామంటే ముందు గాలి తగ్గనీ అంది మేవిస్. ఆవిడ వ్యాన్ కింద నుంచి ఊదారంగు నీళ్ళు కారి మట్టిలో ఇంకుతున్నాయి. ఆవిడ అటు చూడటం లేదు.

సెప్టెంబర్ 30

రంపం ఆవిడది, దుంగలు దొర్లించింది నేను. ఆరు గంటలు పట్టింది. రేపు దిగుతున్నామని ఆరిన్‌కి చెప్పాను. సరే, ఇంకాస్త తక్కువ ఎత్తులో ఇంకో అడవి చూద్దాం, అన్నాడు. నేను చక్రాల కింద చెక్కలు తీయడానికి వెళ్ళాను.

అక్టోబర్ 1

ట్రక్కు నేను నడిపాను. వెనక ట్రైలర్‌తో నడపడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆయనే నడిపేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. మేవిస్ వ్యాన్ ముందు, నేను వెనక. మొదటి అయిదు మైళ్ళూ ఆరిన్, మలుపు వెడల్పుగా తియ్యి, బ్రేక్ నొక్కి ఉంచకు, అంటూనే ఉన్నాడు. ఆపైన ఊపిరి చాలక మానేశాడు. ఒకచోట ట్రైలర్ వెనక చక్రం లోయ అంచు దాకా జారింది. గేరు తగ్గించి మెల్లగా ముందుకి లాగాను. నా చొక్కా వీపంతా తడిసిపోయింది.

తారురోడ్డు దగ్గర మేవిస్ కుడివైపు తిరిగింది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. కుడివైపు ఇంకో అడవి. ఎడమవైపు ఊరు, ఆసుపత్రి.

నేడీన్, అన్నాడు ఆరిన్.

ఎడమకి తిప్పాను.

అక్టోబర్ 6

ఊళ్ళో, లిఫ్ట్ ఉన్న మేడలో రెండో అంతస్తులో అద్దె గది. ఆరిన్ మిషన్ ప్లగ్గు గోడకి ఉంది. పన్నెండు గంటలు నిద్రపోయాను. బయట ఎండో వానో చూడలేదు.