క్రిస్మస్ పాటల అట్ట

ఈనిడ్ అక్కా, నా మోకాలు నయమే, దిగులు పడకు. ఇక్కడ స్కార్బరోలో వానొస్తే, జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే చారిటీ షాపులో దూరి పాత గ్రామఫోన్ రికార్డులు తిరగేశాను. నాన్న కార్నెట్ ఊదిన గని కార్మికుల బ్యాండు రికార్డు అట్ట దొరికింది! మూలన ఆకుపచ్చ సిరాతో అమ్మ పేరుంది. నువ్వు అక్కడి షాపుకు ఇచ్చేసిన అమ్మ సామాను ఇంతదూరం వచ్చిందన్నమాట.

గల్లాపెట్టె దగ్గరి పెద్దావిడ, "అట్ట చూసి మురిసిపోకు నాయనా, లోపల చూసుకో. మళ్లీ నా మీద పడి ఏడవకు" అంది. తీస్తే క్రిస్మస్ పాటలు. అమ్మ ఏ రికార్డునైనా చేతికందిన అట్టలో దూర్చేది కదా.

బాయిలర్ బాగుచేయించావా? నా టమాటా మొక్కలకు నీళ్లు పొయ్యి. బావను అడిగానని చెప్పు. షాపుకివ్వాలని గుమ్మంలో పెట్టావే, ఆ సంచిలో క్రిస్మస్ పాటల అట్ట నేను బయల్దేరేటప్పుడు చూశాను. దాన్ని గడప దాటనివ్వకు. నాన్న అందులోనే ఉండుంటాడు.

నీ తమ్ముడు,
విల్ఫ్