దూడ ఉన్న చోటు

జులై 3, గురువారం

మనవరాలు అఖిల కెన్యా నుంచి వచ్చింది. ఎండకు నాకన్నా నల్లబడింది. అక్కడ ఏం చేస్తావే అని అడిగాను. సింహాలు తిని వదిలేసిన దాని మీద రాబందులు ఎట్లా వాలతాయో చూస్తుందట. దానికి రీసెర్చ్ అని పేరు. పక్షులు తింటుంటే చూడమని ఎవరైనా విమానం ఎక్కిస్తారా? వేరే ఏదో ఉంది.

జులై 5, పొద్దున

మా దూడను పులి కొట్టింది. నా కొడుకు గోపాల్, నేను పోయి చూశాం. వాగు పక్క పొదల్లో సగం తిని వదిలింది. మిగతాదానికి మళ్ళీ వస్తుంది. ఎక్కడ పడిందని అఖిల అడిగింది. మేమిద్దరం చెప్పలేదు. అది పోయి పత్తికి కొట్టే మందు డబ్బాల దగ్గర నిలబడింది. కన్నతండ్రి మీదనే కన్నేసిందా?

మధ్యాహ్నం

అఖిల ఫోన్‌లో రీసెర్చ్ చేయించే వాళ్ళ సార్‌తో ఇంగ్లీషు. ఫారెస్ట్ అన్న మాట విన్నాను.

జులై 6

మిగిలిన దూడకు పూయడానికి గోపాల్ తువ్వాల కింద మందు డబ్బా పెట్టుకుని వాగు దిక్కు పోయాడు. పులి చస్తే వాడికి జైలే. బాపు ఏడికి పోయిండు అవ్వా అని అఖిల అడిగింది. కాటారం సంతకు పోయాడన్నాను. అది నవ్వింది.

ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కెన్యాలో చచ్చిన ఆవు ఫోటో. చుట్టూ రాబందులు, తడిసిన గొంగళ్ళు పారేసినట్టు చచ్చి పడి ఉన్నాయి. పక్కన మెడ నిండా పూసలతో ఒక ముసలామె, ఒళ్ళో చచ్చిన కుక్క. మా తండా మనిషే అనుకున్నాను. సింహం కోసం ఆవుకు మందు పూశారట. సింహం రానేలేదట. పూసినోడు ఏడున్నడంటే గా అవ్వ గూడ సంతకు పోయిండనే చెప్పింది, అన్నది అఖిల.

మా కుక్క మేకల వెంట వాగు దగ్గరికే పోతుంది.

నువ్వు ఫారెస్టోళ్ళకు చెప్పినవా అని అడిగేశాను. లేదట. మందు పూసిన దాన్ని ఎట్లా పూడ్చాలో సార్‌ను అడిగిందట. నేను ఆడ గూడ పేర్లు అడగ అవ్వా, పేరడిగితే ఎవ్వరు నోరు తెరువరు, చోటే అడుగుత, దూడ ఏడున్నదో చెప్పు, అన్నది.

పులి పట్టినదాన్ని ముట్టొద్దని మా అత్త చెప్పేది. అఖిలను నమ్మాలో వద్దో తెలియలేదు. గడ్డపార తీసి ముందు నడిచాను.

జులై 7

ఫారెస్ట్ జీపు వచ్చింది. దూడ ఏదని అడిగారు. పులే ఎత్తుకుపోయిందన్నాను. గోపాల్ నా దిక్కే చూశాడు. జీపును ఎవరు పిలిచారో నేను అడగలేదు. అఖిల నా గోళ్ళలో మట్టి చూసింది. సబ్బుతోని ఇంకోసారి కడుక్కో అవ్వా, అన్నది.